చేనులో విషం మానేశాం, మరి కొట్టంలో సూది మందు సంగతేంటి?



ఈ వీడియో జీవామృతం గురించో కషాయాల గురించో కాదు, రాబందు గురించి. ప్రకృతి వ్యవసాయానికీ రాబందుకీ ఏం సంబంధం అని కొందరికి అనిపించొచ్చు. నా లెక్కలో చాలా సంబంధం ఉంది. నేలలో వానపాము చేసే పనే, నేల పైన రాబందు చేస్తుంది. చచ్చినదాన్ని తిని, ఊరికి రోగం రాకుండా శుభ్రం చేస్తుంది. వానపాము కోసం యూరియా మానేసిన మనం రాబందు గురించి ఎందుకు ఆలోచించం?

యాభై దాటిన రైతులకు గుర్తుండే ఉంటుంది. ఊరి బయట గొడ్డు పడితే ఆకాశంలో ఎక్కణ్ణుంచో రాబందులు దిగేవి. గంటల్లో ఎముకలు తప్ప ఏమీ మిగిలేది కాదు. ఇప్పటి పిల్లలను రాబందు చూశారా అని అడిగితే, సినిమాలో చూశాం అంటారు. 1990ల మొదట్లో మన దేశంలో లెక్కలేనన్ని ఉన్న తెల్లవీపు రాబందులు, 2007 నాటికి నూటికి 99కి పైగా పోయాయి. పొడుగు ముక్కు రాబందుల పరిస్థితీ దాదాపు అంతే.

వాటిని ఎవరూ తుపాకీతో కాల్చలేదు. పశువుల నొప్పికి, వాపుకి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే సూది మందు చంపింది. ఆ మందు ఎక్కించిన పశువు రెండు మూడు రోజుల్లోపు చనిపోతే, మందు ఇంకా మాంసంలోనే ఉంటుంది. అది తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై, కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. ఈ సంగతి 2004లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు నిషేధించింది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతూనే వచ్చారు. అందుకే 2015లో ఆ పెద్ద సీసాలను కూడా ఆపేశారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను కూడా పశువులకు వాడకూడదని నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది. అంటే పేరు మారింది గానీ విషం అదే అన్నమాట.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి. అన్ని కళేబరాల్లోనూ మందు ఉండనక్కర్లేదు. వందలో ఒక్కదానిలో ఉన్నా రాబందుల జాతి కూలిపోవడానికి చాలు. ఎందుకంటే ఒక గొడ్డు మీద పదుల సంఖ్యలో వాలతాయి. పైగా జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, ఆ పిల్ల ఎదిగి గుడ్డు పెట్టడానికి అయిదేళ్లు పడుతుంది. కాబట్టి "నా ఒక్కడి ఆవుతో ఏమవుతుంది" అనే మాట ఇక్కడ చెల్లదు. ఒక్క ఆవుతోనే అవుతుంది.

"మరి ఆవు నొప్పితో బాధపడుతుంటే చూస్తూ ఊరుకోమంటారా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఊరుకోమని నేను అనను. మెలోక్సికామ్ అనే మందు ఉంది. నొప్పికీ, వాపుకీ, జ్వరానికీ పనిచేస్తుంది, రాబందుకు హాని చేయదని పరీక్షించి చూశారు. పశువుల డాక్టరు గారు వచ్చినా, గోపాలమిత్ర వచ్చినా, సీసా మీద పేరు ఏంటని అడగండి. అది అడిగే హక్కు మనకుంది. యూరియా బస్తా మీద పేరు చదివి వద్దన్నవాళ్లం, సీసా మీద పేరు చదవలేమా?

ఇంకొకటి. కుక్కల కోసమో, మేకల్ని ఎత్తుకెళ్లే చిరుతల కోసమో చచ్చిన గొడ్డు మీద పురుగుమందు గుళికలు చల్లేవాళ్లు ఉన్నారు. దాన్ని తిని ముందు చచ్చేది రాబందే. మీ ఊర్లో ఎవరైనా ఈ పని చేస్తుంటే కూర్చోబెట్టి చెప్పండి.

పులిని, నెమలిని ప్రేమించమంటే అందరూ ప్రేమిస్తారు. అందంగా ఉంటాయి, క్యాలెండర్ మీద వేసుకుంటాం. రాబందును మాత్రం తిట్టుగా వాడుకుంటాం. "రాబందుల్లా పీక్కు తింటున్నారు" అంటాం. నిజానికి అది బతికున్నదాన్ని వేటాడదు, చేను ముట్టదు, కోడిపిల్లను ఎత్తుకెళ్లదు. మనం తాకడానికి కూడా ఇష్టపడనిదాన్ని తిని మనకు మేలు చేస్తుంది. అది లేకపోతే ఆ కుళ్లు కుక్కల పాలవుతుంది, ఊరకుక్కలు పెరుగుతాయి, వాటితో పాటు రేబిస్ భయం. సీతమ్మ కోసం ప్రాణమిచ్చిన జటాయువుకు రాముడే అంత్యక్రియలు చేశాడని పిల్లలకు చెబుతాం. "లే పక్షీ" అన్న చోటే లేపాక్షి అయిందని చెప్పుకుంటాం. కథలో దండం పెట్టి, కొట్టంలో విషం పెడితే ఎలా?

ఆశ లేకపోలేదు. 2013లో తెలంగాణలో బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకుని కనిపించాయి. అటవీ శాఖ వాళ్లు వాటికి కళేబరాలు అందించి కాపాడే పని చేపట్టారు. హైదరాబాదు జూలో రాబందుల పెంపక కేంద్రం కూడా ఉంది. కానీ గూటిలో పెంచిన పక్షిని బయటకు వదిలితే, అది వాలేది మన గొడ్డు మీదే. ఆ గొడ్డులో విషం ఉంటే ఆ కష్టమంతా వృథా.

కాబట్టి నా మాట ఇది. ఆవును నమ్ముకుని వ్యవసాయం చేసేవాళ్లమే ఈ పనిలో ముందుండాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్. ఈ 3 పేర్లూ కొట్టం గోడ మీద బొగ్గుతోనైనా రాసిపెట్టుకోండి, పక్కనే "వద్దు" అని రాయండి. ఏ మందు ఇచ్చారో తెలియకుండా పశువు చనిపోతే, బయట పారేయకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. ఖర్చు లేని పని, ఒక్క రోజు శ్రమ. మీ పక్క రైతుకూ చెప్పండి. మన మనవళ్లు తలెత్తి చూసినప్పుడు ఆకాశంలో రాబందు తిరుగుతూ కనిపించాలి.