మార్కులు తగ్గితే మందేనా?

పిల్లవాడికి మార్కులు తగ్గగానే జ్ఞాపకశక్తికి మంచి ఖమీరా ఇవ్వమని తల్లిదండ్రులు అడుగుతుంటారు. వాడికి బడిలో స్నేహితులున్నారా అన్నది మాత్రం ఆలోచించరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్ నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. అలాంటి టీనేజి పిల్లలకు తక్కువ మార్కులు వచ్చే అవకాశం 22 శాతం ఎక్కువట.

యునానీకి ఇది కొత్త కాదు. ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు అంశాలలో (అస్బాబె సిత్తా జరూరియా) గాలి, ఆహారం, నిద్రలతోపాటు మనసు కదలిక, విశ్రాంతి కూడా ఉన్నాయి. అందుకే హకీము నాడి చూశాక ఇంటి సంగతీ అడగాలి.

మన ఇళ్ళలో తెలుగు కబుర్లకు ముఖం వాచిన అవ్వ ఒక గదిలో, సెల్‌ఫోన్‌తో మనవడు మరో గదిలో. రోజూ అరగంట టీవీ కట్టేసి ఇద్దరినీ కూర్చోబెట్టండి. అవ్వకు తోడు, మనవడికి తెలుగు దక్కుతాయి. ఇది ఏ డబ్బాలోనూ దొరకని మందు.

అయితే రెండు వారాలు దాటినా దిగులు తగ్గక, నిద్ర, ఆకలి చెడితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయకండి. మానసిక వైద్యుని సంప్రదించండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఉచితం.