లెక్క కట్టే చేతులు కావాలి

మీ ముత్తాతలు విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి ఓడలెక్కి ఈ మలేషియా తోటలకు వచ్చారు. బగాన్ దాతోలో కొబ్బరి కాయలు దించారు, రబ్బరు చెట్లు గీశారు. ఈనాడు మీలో ఎందరో వైద్యం, ఫార్మసీ, నర్సింగ్, గణితం చదువుతున్నారు. మీ అందరికీ నాదొక పిలుపు: వైద్యుడి పక్కన నిలబడి లెక్క కట్టే పనికి రండి.

లెక్కంటే ఖర్చు తగ్గించడమని చాలామంది అనుకుంటారు. కాదు. పెట్టిన రింగిట్‌కు రోగికి ఎంత ఆయుష్షు దక్కింది, ఆ ఆయుష్షును నొప్పి లేకుండా, తన పని తాను చేసుకుంటూ గడిపాడా లేదా అని అడగడమే ఆరోగ్య ఆర్థికశాస్త్రం. ఆ జవాబు లేకపోతే ఎంత గొప్ప వైద్యుడికైనా చేతులు కట్టేసినట్టే.

హెపటైటిస్ సి సంగతే చూడండి. 2009 నాటికి ఈ దేశంలో సుమారు 4.5 లక్షల మందికి ఆ వైరస్ సోకి ఉంటుందని పరిశోధకులు అంచనా కట్టారు. వారిలో ఎందరికి కాలేయం గట్టిపడుతుంది, ఎందరికి క్యాన్సర్ వస్తుంది అని ముందుకు లెక్క వేసి చూపించారు. ఆ లెక్కలు వెలువడే నాటికి సోఫోస్‌బువిర్ అనే మాత్ర వచ్చింది, రోగం నయం చేస్తోంది. కానీ అప్పట్లో అమెరికాలో ఆ మాత్ర ఒక్కటి వెయ్యి డాలర్లు, 12 వారాల వైద్యం 84,000 డాలర్లు! మందు పేరు తెలిసి కూడా చీటీ మీద రాయలేని వైద్యుడి బాధను ఒక్కసారి ఊహించుకోండి. చూపించుకోవడానికి వచ్చిన పౌరుల దగ్గర ఒక్క రింగిట్ మాత్రమే తీసుకునే ప్రభుత్వ క్లినిక్‌లున్న దేశం ఆ ధర ఎక్కడి నుంచి తెచ్చి కడుతుంది?

2017 సెప్టెంబరులో మలేషియా ప్రభుత్వం పేటెంటును పక్కన పెట్టి, ప్రభుత్వ ఆసుపత్రుల కోసం ఆ మందును చౌకగా తెచ్చుకునే హక్కును వాడుకుంది. హెపటైటిస్ సి మందు విషయంలో అలా చేసిన మొదటి దేశం ఇదే. 12 వారాల వైద్యం 300 డాలర్ల దరిదాపులకు దిగింది. సోఫోస్‌బువిర్‌కు రవిదాస్‌విర్ జోడించి మలేషియా, థాయిలాండ్‌లలో 301 మందిపై పరీక్షిస్తే 97 శాతం మందికి నయమైంది. 2021 జూన్‌లో రవిదాస్‌విర్‌కు ఇక్కడే అనుమతి వచ్చింది. ఆ నిర్ణయం వెనుక మంత్రుల ధైర్యం ఉంది, వైద్యుల పట్టుదల ఉంది. ఎంతమంది ప్రాణాలు ఆ మందుపై ఆధారపడి ఉన్నాయో చెప్పగలిగిన అంకెలూ ఉన్నాయి. నా దృష్టిలో ఆ అంకెలు రాసినవారు కూడా వైద్యం చేసినవారే.

మందు చౌకయ్యాక ఇంకో ప్రశ్న లేచింది. తమకు వైరస్ ఉందని చాలామందికి తెలియనే తెలియదు. వేలికొన రక్తంతో చేసే పరీక్షను చిన్న క్లినిక్‌ల దాకా తీసుకెళ్లాలా? ఎవరికి ముందు చెయ్యాలి? ఇలాంటి తూకం వేయడానికి ఆరోగ్య మంత్రిత్వ శాఖలో మహ్‌టాస్ అనే విభాగం 1995 నుంచీ ఉంది. వైద్యులు రోజూ తిరగేసే చికిత్సా మార్గదర్శకాలు తయారయ్యేదీ అక్కడే. పెనాంగ్‌లోని సైన్స్ విశ్వవిద్యాలయంలో ఈ తూకం నేర్పే చదువు ఉంది. ఆరోగ్యస్థితికి మలేషియన్లే ఇచ్చుకున్న విలువల పట్టిక కూడా వచ్చింది. అంటే మనవారి నొప్పిని లండన్ కొలబద్దతో కొలవాల్సిన అవసరం ఇక లేదు.

కానీ అడిగేవారు లేకపోతే ఆ లెక్కలో ఎవరి నొప్పి చేరుతుంది? తోటలో వంగి వంగి నడుము పోగొట్టుకున్న అప్పమ్మ "బాగానే ఉన్నాను బాబూ" అంటుంది. ఆమె భాషలో మళ్లీ అడగగలిగింది మీరు. మెట్లెక్కగలవా, రాత్రి నిద్ర పడుతోందా అని ఓపికగా అడిగి రాయండి. ఆ జవాబు చేరని లెక్క ఎంత చక్కగా ఉన్నా నేను నమ్మను.

2023 జాతీయ సర్వే ప్రకారం ఈ దేశంలో ప్రతి ఆరుగురు పెద్దల్లో ఒకరికి మధుమేహం. కొత్త మందులు వస్తూనే ఉన్నాయి, వాటి ధరలూ భారీగానే ఉన్నాయి. ఏది ఎవరికి ఇస్తే కాలు నిలుస్తుంది, కిడ్నీ నిలుస్తుంది? ఈ సెలవుల్లో మీ ఊరి క్లినిక్‌కు వెళ్లండి. ఏ లెక్క దొరక్క చీటీ రాయడానికి వెనకాడుతున్నారని అక్కడి వైద్యుణ్ణి అడగండి. ఆ ప్రశ్న పట్టుకుని పెనాంగ్ బస్సెక్కండి.