నర్సు పోస్టు ఖాళీగా ఉంటే ప్రాణం పోయేదెవరికి?

ఆసుపత్రిలో రోగి మరణిస్తే వయస్సు మీరిందనీ, జబ్బు ముదిరిందనీ, ఆలస్యంగా తెచ్చారనీ అధికారులు చెబుతారు. అవీ కారణాలే, మేము కాదనము. అయితే వారి నోట రాని కారణం మరొకటి ఉన్నది: ఒక్క నర్సు ఎందరు రోగులను చూడవలసి వస్తున్నది?

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందిన 2,32,342 మంది వివరాలను లిండా ఐకెన్ బృందం పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించింది. వయస్సు, జబ్బు తేడాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, నర్సుకు ఒక్క రోగి అదనమైతే 30 రోజులలోపు మరణించే అవకాశం 7 శాతం ఎక్కువని తేలింది. 2014లో ప్రకటించిన 9 ఐరోపా దేశాల పరిశీలనలోనూ అదే 7 శాతం!

ఇందులో వింతేమీ లేదు. ఆపరేషను జరిగిన మనిషికి ముందుగా నాడి వేగం మారుతుంది, ఆయాసం వస్తుంది, రక్తపోటు పడిపోతుంది. దానిని మొదట కనిపెట్టి డాక్టరును పిలవవలసినది నర్సే. ఆ సమయానికి ఆమె వార్డు అవతలి కొసన మరొకరికి సెలైను మారుస్తూంటే?

సిగ్నలు లేనిదే రైలు కదలరాదని మనకు రూల్సు నేర్పేవారు, రాత్రి వార్డును ఒక్క నర్సుకు వదలివేయడాన్ని పొదుపు అంటే మేము ఒప్పుకోము. రైల్వే ఆసుపత్రులలోనైనా, తపాలా ఉద్యోగులు చేరే ప్రభుత్వ ఆసుపత్రులలోనైనా ఖాళీల భర్తీ నర్సుల గొడవ మాత్రమే కాదు. ఆ మంచాల మీద పడుకునేది మనమూ, మన పింఛనుదారులూను. నర్సుకు రోగులెందరో వార్డువారీ లెక్కను ప్రతి శాఖా యాజమాన్యం నుండి రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.