మోకాలి కీహోల్ సర్జరీకి ముందు నిజం చెప్పించండి

తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

మోకాలి అరుగుదలకు చేసే కీహోల్ ఆపరేషన్ నిగ్గు 2002లోనే అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగిన పరీక్షలో తేలింది. 180 మంది రోగులు. కొందరికి కీలు లోపల కడిగి శుభ్రం చేశారు. కొందరికి చర్మం మీద చిన్న గాట్లు పెట్టి కుట్లేశారు, అంతే. రెండేళ్లు గమనించినా నొప్పిలో తేడా లేదు.

2013లో అరిగి చిరిగిన మెనిస్కస్ (మోకాలి కీలులో మెత్తలా ఉండే మృదులాస్థి) విషయంలో ఫిన్లాండ్ వైద్యులకూ ఇదే ఫలితం.

ఈ ఆపరేషన్‌తో ప్రమాదం తక్కువే. అయినా ఇన్‌ఫెక్షన్, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం అరుదుగా జరుగుతాయి. మేలు లేనిచోట ఆ కాస్త ముప్పు మాత్రం ఎందుకు? ఆటలో మోకాలు మెలిపడి, చిరిగిన ముక్క అడ్డుపడి కాలు చాచలేని కుర్రాడి సంగతి వేరు. అతనికి ఇది అవసరం కావచ్చు.

అరుగుదల రోగికి ముందు తొడ కండరాల వ్యాయామం చేయించాలనీ, ఈ ఫలితాలు తెలుగులో రాసిచ్చాకే సంతకం తీసుకోవాలనీ ఆసుపత్రులకు ఉత్తర్వులివ్వండి.