రెండవ కృష్ణుడు

పద్యనాటకాలలో కృష్ణవేషం కట్టే యువకుడొకడు, ఒకనాడు నా వద్ద ఛందస్సు చదువుకొన్నవాడు, టెలివిజన్ ధారావాహికలో వేషం వచ్చినదనీ, వెళ్ళమంటారా అనీ అడిగినాడు. ఇటువంటి మాట వినగానే మన సాహితీమిత్రులు కొందరు "కళాద్రోహం" అంటారు. అనేవారిలో టిక్కెట్టు కొని నాటకం చూసినవారెందరో నాకు సందేహమే. అతనికి వానాకాలం వస్తే పందిరి లేదు, పందిరి లేకపోతే పారితోషికం లేదు, పిల్లల బడి జీతాలు మాత్రం ఆగవు. వెళ్ళమనే చెప్పినాను.

రంగస్థలం నుండి తెరకు పోవడం కొత్త సంగతి కాదు. 1932లో విడుదలైన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'కు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి నాటకమే ఆధారం. అందులో లీలావతి సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. ఇరువురూ రంగస్థలం ఇచ్చినవారే. 'సత్య హరిశ్చంద్రీయము' రచించిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారు సినిమాలకు వ్రాసినారు, వేషాలూ వేసినారు. కల్యాణం రఘురామయ్యగారు తెరపై కనిపిస్తూనే నాటకాలలో కృష్ణుడుగా, ఈలపాటతో జనాన్ని ఉర్రూతలూగించినారు.

అయితే ఒక భేదం ఉన్నది. నాటి సినిమాకు పద్యం కావలసి వచ్చినది. నాటకం నుండి తెచ్చుకొన్న గొంతే అక్కడ పెట్టుబడి. నేటి ధారావాహికకు ఆ గొంతుతో పని లేదు. కెమెరా ముఖం దగ్గరకే వచ్చి నిలుస్తుంది, కనుబొమ కదిపితే చాలు. పొరుగు రాష్ట్రాల నుండి వచ్చిన నాయికానాయకులకు మరెవరో గొంతు అరువిస్తారు. పద్యనాటకం అట్లా కాదు. చివరి వరుసలో తువ్వాలు పరచుకొని కూర్చొన్న రైతుకు సైతం ప్రతి అక్షరమూ వినబడాలి. హార్మోనియం శ్రుతిలో నిలిచి, ఊపిరి ఎక్కడ తీయాలో ఎక్కడ దాచాలో ఎరిగి, సీసం నాలుగు పాదాలూ నడిపి, ఎత్తుగీతి పూర్తిచేసి, ఆపైన రాగం తీయాలి. అప్పుడు కదా "వన్స్ మోర్" అంటారు! (ఆ ఆంగ్లపదం మన పల్లెలలో ఏనాడో తెలుగైపోయినది.) ఇది సాము వంటిది. రెండేళ్ళు గరిడీకి పోనివాడు మళ్ళీ కర్ర పట్టితే చేయి తిరుగుతుందా? అతడు వెళ్ళిపోతాడని నాకు దిగులు లేదు, గొంతు మూలపడుతుందనే దిగులు.

దీనికి ఉపాయం మన నాటకంలోనే ఉన్నది. తిరుపతి వేంకటకవుల రాయబార నాటకాలు ఆడే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు రంగానికెక్కడం మనకు అలవాటే. పడకసీనులో ఒకరు, రాయబారంలో మరొకరు. కొత్తవారికి ఇది వింత. మన ప్రేక్షకునికి మాత్రం ఏ కృష్ణుని గొంతు ఎట్లాంటిదో పోల్చుకోవడమే ఒక వేడుక. కనుక అతడు పగలు చిత్రీకరణకు పోనీ. శివరాత్రికీ శ్రీరామనవమికీ తేదీలు ముందుగా అడిగి పెట్టుకోనీ. హైదరాబాదు నుండి తెనాలి ఎంత దూరం? ఏ రాత్రి అయినా రాలేకపోతే రెండవ కృష్ణుడు ఆ సీను కూడా అందుకొంటాడు, నాటకం ఆగదు.

ఇందుకు కాంట్రాక్టర్లు ఒప్పుకోవాలి. ఒప్పుకొంటారనే అనుకొంటాను, గోడపత్రికపై టీవీలో కనిపించే ముఖముంటే జనం వస్తారని వారికి తెలియనిది కాదు. నా పేచీ ఒక్కటే. ఆ రాత్రి రెండు సీన్లూ మోసిన రెండవ కృష్ణునికి రెండు సీన్ల సొమ్మూ ఇవ్వాలి, శాలువాతో సరిపెట్టరాదు.