కఱవుకాలమున క్రొత్త రాట్నమా?



మొన్న రాత్రి భోజనములైన పిదప మా యింట నొక చిన్న వాదము జరిగినది. ఆర్థికమాంద్యపు దినములలో థీమ్ పార్కులవారు క్రొత్త ఆటయంత్రములపై ధనము వెచ్చింపవచ్చునా యనునది ప్రశ్న. "జనుల చేత డబ్బాడని తఱి కోట్లు కుమ్మరించుట అవివేకము" అని మా వారనిరి. పాఠశాలలో తీర్పు వారిదే కాని, పొదుపు విషయమున నాకును కొంత యనుభవము గలదు గదా! నా సమాధానమునకు ఒక గృహిణి కథయే ఆధారము.

అమెరికాలోని కాలిఫోర్నియాలో, బ్యూనా పార్కు అను నూర, వాల్టర్ నాట్, కార్డీలియా నాట్ అను దంపతులు పండ్లతోట సాగు చేయుచుండిరి. మహామాంద్యము దేశమును పీడించుచుండగా, 1934లో కార్డీలియమ్మ రాబడికి తోడుగా కోడివేపుడు భోజనములు పెట్ట నారంభించెను. మొదటి దినమున ఎనమండుగురికి తన పెండ్లినాటి పింగాణి పళ్లెములలోనే వడ్డించెను. భోజనము వెల 65 సెంట్లు. క్రమముగా ఆ భోజనమునకై జనులు గంటలకొలది వరుసలలో నిలువసాగిరి. వారికి ప్రొద్దుపోవుటకై భర్త 1940లో పాతకాలపు పల్లె నొకదానిని అచ్చట కట్ట నారంభించెను. అదియే పెరిగి నేటి నాట్స్ బెర్రీ ఫార్మ్ అను ప్రసిద్ధ వినోదవనమైనది. ఆ దంపతులు రాబోవు జనమును ఊహించి కట్టలేదు. వాకిట నిలిచిన జనమును చూచి కట్టిరి.

2008 నాటి మాంద్యమున నేమి జరిగినది? ఫ్లారిడాలోని ఓర్లాండో నగరమున యూనివర్సల్ వారు, 2007లో ప్రకటించిన హ్యారీ పోటర్ లోకపు నిర్మాణమును కష్టకాలమందును మానక, 2010 జూన్ మాసమున తెఱచిరి. ఆ వనమునకు 2009లో సుమారు 46 లక్షల మంది వచ్చిరనియు, 2011లో 76 లక్షలకు మించిరనియు అంచనా. ఇట్టి నిర్మాణములకు ఏండ్లు పట్టును. మంచి దినములు వచ్చిన పిదప పునాది త్రవ్వువారికి ఆ దినములు చేజారును.

"అట్లయిన అందఱును కట్టవలసినదేనా?" అని మా వారడిగిరి. కాదు. దక్షిణ కరోలినాలోని మర్టిల్ బీచ్‌లో హార్డ్ రాక్ పార్కు అను క్రొత్త వనమును సుమారు 40 కోట్ల డాలర్లతో కట్టి 2008 ఏప్రిల్‌లో తెఱచిరి. సెప్టెంబరులోనే దివాలా తీసిరి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, రాని జనమును నమ్మి అప్పుచేసిన ఫలమది. జనమున్నంత మాత్రమునను చాలదు. ఏటేట రెండు కోట్లకు మించి జనులు వచ్చుచున్నను, సిక్స్ ఫ్లాగ్స్ సంస్థ సుమారు 240 కోట్ల డాలర్ల ఋణభారముతో 2009 జూన్‌లో న్యాయస్థానము నాశ్రయించెను.

మా వారికి ఆరు నెలలు జీతము రాని యేట నేను కుట్టుమిషను కొంటిని. అప్పుడును వారు వలదనిరి. కాని అప్పటికే ఇరుగుపొరుగువారు రవికలు తెచ్చి కుట్టుమని యిచ్చుచుండిరి; చేతికుట్టుతో పని తెమలకుండెను. దాచిన సొమ్ముతో పాతమిషను నొకదానిని తెచ్చితిని, అప్పు చేయలేదు. ఆ యేడు పిల్లల బడిజీతములు దానివలననే చెల్లినవి.

కావున నా మతమిది: వాకిట జనము నిలిచియుండి, పెట్టుబడి తన శక్తికి లోబడియున్నచో, మాంద్యమునందును కట్టవలెను. ఆ రెంటిలో నేది లేకున్నను ఆగవలెను. మఱియొకటి, తల్లులముగా మనము మఱువరానిది: క్రొత్త యంత్రము కొఱకు పాత యంత్రపు మరమ్మతును గాని, దానిని నడుపు పనివాని కూలిని గాని తగ్గింపరాదు. దానిమీద కూర్చుండువారు మన బిడ్డలే.

ఇది విని మా వారు మిషనువైపు చూచి నవ్విరి, మారు పలుకలేదు. సోదరీమణులు తమ యభిప్రాయములను తెలుపుదురుగాక.