కొవ్వొత్తులు ఎవరు చేశారు?

కిందటేడు మే, జూన్ నెలల్లో న్యూజెర్సీలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. దాని కూతురు ఐదో తరగతి. వాళ్ళ బడిలో ఏటా ‘కలోనియల్ డే’ అని ఒకటి జరుపుతారు. అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న కాలం నాటి దుస్తులు వేసుకుని పిల్లలంతా బడికి వస్తారు. వెన్న చిలుకుతారు, కొవ్వొత్తులు చేస్తారు, ఈక కలంతో రాస్తారు. ఆడపిల్లలకు తెల్లటి కుచ్చుల టోపీ, ఏప్రన్. మగపిల్లలకు మూడు మూలల టోపీ. మా చెల్లెలు పాత వాయిల్ చీర ఒకటి చింపి టోపీ కుట్టింది. పిల్ల ఊరి లైబ్రరీ నుంచి ఆ కాలపు దైనందిన జీవితం మీద పిల్లల పుస్తకాలు సంచీడు తెచ్చి, “పెద్దమ్మా, నువ్వు సోషియాలజీ కదా, హెల్ప్ చెయ్యి” అని నా ముందు కుమ్మరించింది.

హక్కుల పత్రికలో అమెరికా పిల్లల పుస్తకాల గొడవేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ఆ పుస్తకాలు చదువుతున్నవాళ్ళలో తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారన్నది ఒక కారణం. అసలు కారణం వేరు. స్త్రీల చాకిరీని చరిత్రలోకి ఎక్కించమని మనం ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాం. ఎక్కించాక కూడా ఏం జరగగలదో ఆ సంచీలో కనిపించింది.

ముందు మంచే చెప్పాలి. రాజులు, గవర్నర్లు, యుద్ధాలు లేని చరిత్ర చూసి నాకు సంతోషం వేసింది. పొయ్యి, రాట్నం, సబ్బు, కుంపటి, దుప్పటి. ఈ తరహా రచనకు అక్కడ పాత పునాదే ఉంది. ఆలిస్ మోర్స్ ఎర్ల్ అనే ఆమె 1898లో ‘హోమ్ లైఫ్ ఇన్ కలోనియల్ డేస్’ రాసింది. మరుసటి ఏడు ఆ కాలపు పిల్లల జీవితం మీద ఇంకో పుస్తకం తెచ్చింది. 1964లో ఆన్ మెక్‌గవర్న్ పిల్లలు అడిగే ప్రశ్నల రూపంలోనే ఒక పుస్తకం రాసింది. కేట్ వాటర్స్ రాసిన ‘శారా మోర్టన్స్ డే’ 1989లో వచ్చింది. 1627 నాటి ప్లిమత్‌లో తొమ్మిదేళ్ళ పిల్ల ఒక రోజంతా ఏం చేసిందో ఫొటోలతో చెబుతుంది. దాన్ని కూర్చున్నచోటనే చదివేశాను. నా చిన్నప్పుడు ఇలాంటి పుస్తకం ఒక్కటి ఉంటే బాగుండుననుకున్నాను.

అదే రచయిత్రి 1993లో శామ్యూల్ అనే ఇంగ్లీషు పిల్లవాడి రోజును, 1996లో టాపెనమ్ అనే వాంపనోగ్ తెగ పిల్లవాడి రోజును రాసింది. శామ్యూల్‌ది మొదటి కోత. టాపెనమ్ యోధుడు కావాలని తపిస్తాడు. మగపిల్లలిద్దరి రోజూ ఒక పరీక్ష, ఆడపిల్ల రోజు పనుల చిట్టా. నాలుగో పుస్తకం, అంటే వాంపనోగ్ ఆడపిల్ల రోజు, ఆ సంచీలో లేదు. లేకపోవడం చిన్న విషయం కాదు. ఆ తెగలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించింది ఆడవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళకు మొక్కజొన్న వేయడం నేర్పింది స్క్వాంటో అనే మగమనిషి అని మాత్రం పిల్లలందరికీ తెలుసు. ఆయన అసలు పేరు టిస్క్వాంటమ్. 1614లో ఒక ఇంగ్లీషు కెప్టెన్ ఆయన్ని ఎత్తుకుపోయి స్పెయిన్‌లో అమ్మకానికి పెట్టాడు. ఈ మాట కొన్ని పుస్తకాల్లో ఉంది. ఆ సేద్యం తరతరాలుగా ఆడవాళ్ళ విద్య అన్న మాట మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇక కొవ్వొత్తులు. ప్రతి పుస్తకంలోనూ ఉన్నాయి. శీతాకాలం ముందు పశువులను కోసినప్పుడు వచ్చిన కొవ్వును పెద్ద కాగులో కరిగించి, వత్తులను ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచి, అలా పదుల సార్లు. (మన తెలుగు మాటలోనే కొవ్వు ఉంది, మైనపువి వచ్చాక మనం మరిచిపోయాం.) ఆ కంపు, చేతుల మీద కాలిన మచ్చలు బొమ్మల్లో కనబడవు. అది పోనివ్వండి, పిల్లల పుస్తకాలు. నన్ను ఆపింది వాక్యం. కుటుంబం చేసుకునేది, వాళ్ళు చేసేవారు, అప్పట్లో చేసేవారు. ఎవరు చేసేవారు? ‘చేసేవారు’ అన్న మన క్రియాపదం కూడా ఆడా మగా, యజమానీ బానిసా తేడా లేకుండా అందరినీ ఒకే దుప్పటి కింద కప్పేస్తుంది కాబట్టి ఆ ఇంగ్లీషు వాక్యాలు నాకు వెంటనే పరిచయమైనవిగా తోచాయి. పని కనబడుతోంది. పనిచేసిన మనిషి, ఆ పని ఎవరి సొత్తు అన్నది కనబడటం లేదు.

చదువు సంగతి చూడండి. ఆడపిల్లలు అక్షరాలు కుట్టిన గుడ్డలు, అంటే శాంప్లర్లు, ప్రతి పుస్తకంలోనూ ముచ్చటగా ఉన్నాయి. ఆ కాలంలో చదవడం ఒక విద్య, రాయడం ఇంకో విద్య. మొదటిది అయ్యాకే రెండోది. చాలామంది ఆడపిల్లలకు మొదటిదానితోనే ఆపేసేవారు. బైబిలు చదివితే చాలు, రాయడం వ్యాపారం చేసేవాళ్ళకు. ఆ పిల్లలు సూదితో అక్షరాలు కుట్టగలరు, కలంతో దస్తావేజు మీద సంతకం పెట్టలేరు. పెళ్ళయ్యాక ఆ దస్తావేజు ఎలాగూ భర్తదే, ఇంగ్లీషు చట్టం ప్రకారం భార్యకు వేరే ఆస్తి అంటూ సాధారణంగా ఉండేది కాదు. మా అమ్మమ్మ భారతం గడగడా చదివేది, మనియార్డరు వస్తే వేలిముద్ర వేసేది. చిన్నప్పుడు అది నాకు వింతగా ఉండేది. ఇప్పుడు లేదు. దక్షిణ కరోలినాలో 1740లో చేసిన చట్టం బానిసలకు రాయడం నేర్పడాన్ని నేరం చేసింది. చదవడం నేర్పడాన్ని కాదు. చదివితే విధేయత నేర్చుకుంటారు, రాస్తే తమ ప్రయాణపు చీటీ తామే రాసుకుని పారిపోతారు. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో 1760 నుంచి 1774 దాకా ఆన్ వేజర్ అనే వితంతువు నల్లజాతి పిల్లలకు ఒక బడి నడిపింది. వాళ్ళలో ఎక్కువమంది బానిసలు. అక్కడ నేర్పింది చదువు, మతం, ఆడపిల్లలకు కుట్టుపని. ఆ బడి భవనం ఇప్పటికీ ఉంది. 2020లో గుర్తుపట్టారు.

ఈ పుస్తకాల్లోకి రాని ఇంకో సంగతి చట్టం. చట్టం దైనందిన జీవితం కాదని రచయితల నమ్మకం కాబోలు. 1621లో లండన్‌లోని వర్జీనియా కంపెనీ 57 మంది యువతులను ఓడల్లో పంపింది. పెళ్ళాడిన మగవాడు ఒక్కొక్కరికి 150 పౌన్ల మేలిరకం పొగాకు కంపెనీకి చెల్లించాలి. 1643 నుంచి వర్జీనియా తలపన్ను లెక్కల్లో ఆఫ్రికన్ స్త్రీలను మగవాళ్ళతో పాటు పొలం కూలీలుగా లెక్కగట్టారు. ఇంగ్లీషు ఇల్లాళ్ళు ఆ లెక్కలో లేరు. మా పిల్ల కుచ్చుల టోపీ వెనక ఉన్న ‘ఇంటిపట్టున ఉండే స్త్రీ’ బొమ్మ అక్కడే తయారయింది. 1662లో ఇంకో శాసనం వచ్చింది. పుట్టిన బిడ్డ బానిసా కాదా అన్నది తల్లి స్థితిని బట్టే నిర్ణయమవుతుందని దాని సారాంశం. ఇంగ్లీషు సంప్రదాయంలో బిడ్డ తండ్రికి చెందుతుంది. ఇక్కడ మాత్రం తండ్రిని తప్పించారు. యజమాని తన బానిస స్త్రీని చెరిచినా అతనికి నష్టం లేదు, పైగా లాభం. అదే ఏడు ఇంకో నిబంధన కూడా పెట్టారు. యజమాని వల్ల గర్భవతి అయిన తెల్ల పనిమనిషిని, గడువు తీరాక, చర్చి పెద్దలు మరో రెండేళ్ళకు అమ్మేయవచ్చు.

ఇది పిల్లలకు చెప్పే విషయమా అంటారు. ఓనా జడ్జ్ అనే పిల్ల సుమారు 1773లో జార్జి వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో పుట్టింది. తల్లి బెట్టీ కుట్టుపని చేసే బానిస. తండ్రి ఇంగ్లండు నుంచి ఒప్పంద కూలీగా వచ్చిన తెల్ల దర్జీ. గడువు తీరాక ఆయన తన దారిన తను వెళ్ళిపోయాడు. పిల్ల మాత్రం 1662 నాటి ఆ వాక్యం వల్ల బానిస. పదేళ్ళ ప్రాయంలో పెద్ద ఇంట్లోకి తీసుకుపోయి మార్తా వాషింగ్టన్ బట్టలు కుట్టడం, తొడగడం అప్పగించారు. ఆమె రోజు కూడా తొమ్మిదేళ్ళ శారా రోజులాంటి రోజే. పొద్దున్నే లేవడం, నీళ్ళు, సూది, దారం. 1796 మే 21న ఫిలడెల్ఫియాలో దొరా దొరసానీ భోజనం చేస్తుండగా ఇల్లు దాటి పారిపోయింది. వాషింగ్టన్ వెతికించినా దొరకలేదు. స్వేచ్ఛలోకి వచ్చాకే చదవడం నేర్చుకుంది. ఎరికా ఆమ్‌స్ట్రాంగ్ డన్‌బార్ 2017లో ఆమె చరిత్ర రాసి, 2019లో పిల్లల కోసం ఒక ప్రతి తెచ్చింది. ఆ సంచీలో నాకు బాగా నచ్చిన పుస్తకం అదే.

దీనికి ఎదురుగా ఇంకో సంఘటన. వాషింగ్టన్ వంటవాడు హెర్క్యులిస్ తన కూతురితో కలిసి దొర పుట్టినరోజుకు నవ్వుతూ కేకు చేస్తున్నట్లు 2016 జనవరిలో స్కొలాస్టిక్ సంస్థ ఒక బొమ్మల పుస్తకం వేసింది. విమర్శలు రాగానే ఆ నెలలోనే వెనక్కి తీసుకుంది. అసలు జరిగింది వేరు. 1797 ఫిబ్రవరిలో హెర్క్యులిస్ పారిపోయాడు. తల్లి బానిస కాబట్టి పిల్లలు బానిసలుగానే మిగిలారు. కొద్ది వారాలకు అక్కడికి అతిథిగా వచ్చిన ఫ్రెంచి రాకుమారుడు లూయీ ఫిలిప్ డైరీలో ఒక ముక్క రాసుకున్నాడు. అతని సేవకుడు ఆరేళ్ళ కూతుర్ని, నాన్న ఇక కనబడడని బెంగ లేదా అని అడిగాడట. నాన్న స్వేచ్ఛగా ఉన్నాడు కాబట్టి తనకు సంతోషంగా ఉందని ఆ పిల్ల చెప్పిందట. పిల్లలకు అర్థం కాదనేవాళ్ళకు నా దగ్గర ఇంతకు మించిన జవాబు లేదు. 2021 నుంచి టెక్సాస్ వంటి కొన్ని రాష్ట్రాలు బానిసత్వం, జాతి వివక్షల గురించి బడిలో ఎలా మాట్లాడాలో చట్టాలు చేసి, టీచర్ల నోటికి భయం తగిలించాయి. న్యూజెర్సీ అలా చెయ్యలేదు. అయితే బానిసత్వం దక్షిణాది తప్పు అన్న ధీమా అక్కడుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో క్రమంగానైనా విముక్తి చట్టం చేసినవాటిలో చివరిది న్యూజెర్సీయే, 1804లో.

“అప్పుడు మనలాంటివాళ్ళు ఉన్నారా పెద్దమ్మా?” అని అడిగింది పిల్ల. ఉన్నారు. 1635 నాటి వర్జీనియా పత్రంలో ‘టోనీ, ఈస్ట్ ఇండియన్’ అని ఒక పేరుంది, అంతకు మించి ఏమీ లేదు. మనుషులకంటే మన బట్ట ఎక్కువగా వెళ్ళింది. మచిలీపట్నం నుంచి మద్రాసు దాకా కోరమాండల్ తీరంలో నేసి, అద్దిన నూలుబట్టలు కంపెనీ ఓడల్లో లండన్ చేరేవి. అక్కడి నుంచి కొన్ని అమెరికా ఇళ్ళలో మంచం దుప్పట్లయ్యాయి. కొన్ని పశ్చిమాఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి మారకమయ్యాయి. మన ఊళ్ళలో ఆ నూలు వడికింది ఆడవాళ్ళు. ఈ సంగతి పిల్లకు ఎలా చెప్పాలో తెలియక ఒక పూట ఆలస్యం చేశాను. విని, తన ఏప్రన్ గుడ్డ ఎక్కడిదని వాళ్ళమ్మను అడిగింది.

ఇదంతా అయ్యాక ఓనా వేషం వేస్తానంది. మా చెల్లెలు వద్దంది, ఎందుకే గొడవ, టీచర్ ఏమనుకుంటుందో అని. నేనూ వద్దన్నాను, కారణం వేరైనా. బానిసత్వం ఒక పూట వేసి విప్పే వేషం కాదు. చివరికి కొవ్వొత్తులవాడి కూతురుగానే వెళ్ళింది. మెడలో వేసుకునే అట్టమీద వృత్తి, ఊరు, సంతకం అని మూడు గీతలుంటాయి. సంతకం దగ్గర ఇంటూ గుర్తు పెట్టింది. నాకు చదవడం వరకే నేర్పారు అని టీచరుకు చెప్పిందట. పేరు రాయలేదని అర మార్కు తగ్గించి పంపారు. పిల్ల ఆ అట్ట తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది.